నైట్‌లో జీహెచ్ ఎందుకుంది? నక్తం, దుహిత, లఘువుల దాకా ఒక చర్చ

ప్రశ్న: పిల్లలకు నైట్, లైట్, ఎయిట్, డాటర్ స్పెల్లింగులు చెప్పేటప్పుడు ‘జీ, హెచ్ పలకవు, బట్టీ పట్టెయ్యండి’ అనడం తప్ప ఇంకేమీ చెప్పలేకపోతున్నాను. పలకని అక్షరాలు రాయడం దేనికి? మళ్లీ అవే రెండూ లాఫ్, రఫ్, టఫ్‌లలో ‘ఫ’ ఎలా అయ్యాయి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మంచి ప్రశ్న అడిగారండీ. ఆ రెండక్షరాలూ ఒకప్పుడు పలికినవే. పాత ఇంగ్లీషులో గొంతు వెనకనుంచి ఒరుసుకుంటూ వచ్చే హల్లు ఒకటుండేది. ఉర్దూ బాగా వచ్చినవారు ‘ఖబర్’ అన్నప్పుడు వినిపించే ఖకారానికి అది చాలా దగ్గర. అప్పట్లో దాన్ని ఒక్క హెచ్‌తోనే రాసేవారు. నైట్‌ను దాదాపు ‘నిఖ్ట్’ అనీ, డాటర్‌ను ‘దోఖ్తోర్’ అనీ పలికేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి పద్ధతిలో రాత నేర్చిన లేఖకులు వచ్చారు. ఆ తరువాతి కాలంలో ఈ ధ్వనికి జీహెచ్ జంట క్రమంగా ఖాయమైంది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వల్ల రాత గట్టిపడుతూ వచ్చింది, మాటలోనేమో ఆ ధ్వని అరిగిపోతూ వచ్చింది. కాగితం మీద మిగిలింది నోట్లో మిగల్లేదు. జర్మనులు మాత్రం నాఖ్ట్, అఖ్ట్, టోఖ్టర్ అని ఆ ఖకారాన్ని ఇప్పటికీ పలుకుతారు. స్కాట్లండు పలుకుబడిలోనూ ‘నిఖ్ట్’ బతికే ఉంది.

మనకు బాగా ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటుంది. సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు ఒకే మూలభాష నుంచి పుట్టినవి. అందుకే ఈ మాటల చుట్టాలు తెలుగులో, సంస్కృతం నుంచి వచ్చిన పదాల రూపంలో, మనకు తెలిసినవే. రాత్రికి సంస్కృతంలో నక్తం అని ఒక పేరు. రాత్రీ పగలూ అనే అర్థమున్న నక్తందివం అనే మాటలో ఉన్నది అదే. లాటిన్‌లో అది నోక్ట్, ఇంగ్లీషులో నైట్. ఎనిమిది సంస్కృతంలో అష్ట, లాటిన్‌లో ఓక్టో, ఇంగ్లీషులో ఎయిట్. అక్టోబరు పేరు కూడా ఆ ఓక్టో నుంచే వచ్చింది, పాత రోమను లెక్కలో అది ఎనిమిదో నెల. ఆ మూలభాషలోని ‘క’ ఇంగ్లీషు, జర్మను వంటి జర్మానిక్ భాషల్లో ‘ఖ’ వంటి ఒరిపిడి ధ్వనిగా మారడం జర్మను భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించిన మార్పుల్లో ఒకటి. నైట్‌లోని జీహెచ్ దాని గుర్తే.

డాటర్, కూతురనే అర్థమున్న సంస్కృత ‘దుహిత’ ఒకే మూలం నుంచి వచ్చినవి. బరువు లేనిదనే అర్థంలో వాడే లైట్‌కు మన ‘లఘు’ చుట్టం. వెలుగనే అర్థంలో వాడే లైట్ వేరే మాట, దాని చుట్టరికం కాంతి అనే అర్థమున్న ‘రుచి’, ‘రోచిస్సు’లతో. ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగులో కలిసిపోయిన రెండు మాటలు సంస్కృతం పక్కన పెట్టగానే విడివడి కనిపిస్తాయి. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. రైట్‌కు, ‘ఋజువు’కు కూడా అసలు అర్థం ఒకటే, వంకర లేనిదని.

పిల్లలకు చెప్పడానికి ఇంకా పనికొచ్చేవి భూతకాల రూపాలు. థింక్–థాట్, సీక్–సాట్, టీచ్–టాట్, బ్రింగ్–బ్రాట్. ఎక్కడా లేని జీహెచ్ ఇక్కడ ఊడిపడినట్టు అనిపిస్తుంది గానీ ఇది సంధి కార్యమే. యోగం–యుక్తం, త్యాగం–త్యక్తం, వచనం–ఉక్తం చూడండి. వెంటనే తకారం వచ్చేసరికి గ, జ, చ వంటివి ‘క’గా మారాయి. అదే తీరులో అక్కడ క, గ లు తకారం ముందు ‘ఖ’ అయ్యాయి, దాన్నే తరువాత జీహెచ్‌తో రాశారు. రాట్ ఐరన్‌లోని ‘రాట్’ కూడా వర్క్ అనే క్రియకు పాత భూతకాల రూపమే. క్యాచ్ మాత్రం ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, వీటిని చూసి ‘కాట్’ అయ్యింది.

ఇక ‘ఫ’ సంగతి. గొంతులో ఒరుసుకునే ఈ ధ్వని ఓ, ఊ వంటి అచ్చుల తరువాత వస్తే పెదవులు గుండ్రబడతాయి. ఒరిపిడి గొంతు నుంచి పెదవుల దగ్గరికి జరిగితే అది ‘ఫ’. కొన్ని మాండలికాల్లో ఇలా జరిగింది, కొన్నిట్లో ధ్వని పూర్తిగా పోయింది. ఈనాటి ప్రామాణిక ఇంగ్లీషులోకి రెండు రకాలూ వచ్చి చేరాయి. అందుకే టఫ్, రఫ్ ఒక దారి, దో, త్రూ ఇంకో దారి. ఇనఫ్‌కు ‘ఇనౌ’ అనే పాత జంటరూపం కూడా ఉండేది. మరుగుజ్జు అనే అర్థమున్న డ్వార్ఫ్ కూడా ఈ కోవలోదే. దానికి మాత్రం రాతలోనే ఎఫ్ పెట్టేశారు, జర్మను ‘ట్స్‌వేర్గ్’ పక్కన పెడితే పాత గకారం తెలుస్తుంది.

ఇంకో సభ్యురాలు: జీ, హెచ్, ఓ, టీ, ఐ అని రాసి, ఇనఫ్‌లోని ‘ఫ’, విమెన్‌లోని ‘ఇ’, నేషన్‌లోని ‘ష’ కలిపి ఫిష్ అని చదవొచ్చని నాటక రచయిత బెర్నార్డ్ షా అన్నాడంటారు కదా, నిజమేనా అండీ?

జవాబు: షా పుట్టింది 1856లో. ఆ మాట అంతకు ముందే, 1855 నాటి ఒక ఉత్తరంలో కనిపిస్తుంది. పైగా ఆ వాదన నిలవదు కూడా. మాట మొదట్లో జీహెచ్ ఎప్పుడూ ‘గ’యే, ‘ఫ’ కానే కాదు. ఘోస్ట్‌లో హెచ్ ఫ్లాండర్స్‌లో (ఇప్పటి బెల్జియం ప్రాంతం) పనిచేసి వచ్చిన కాక్స్‌టన్ కాలంలో, అక్కడి రాత ప్రభావంతో చేరింది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు జీ ఒక్కటే. డిలైట్‌లో జీహెచ్ ఇంకా విచిత్రం, అది ఫ్రెంచి మాట, అందులో ఈ ధ్వని ఏనాడూ లేదు. లైట్‌ను చూసి అలా రాశారంతే.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషమండీ. మరి దగ్గును ఇంగ్లీషులో కాఫ్ అంటారు, మనకు కఫం ఉంది. ఇదీ దుహిత లాంటిదేనా?

జవాబు: కాదండీ. పైపై పోలికే. కఫంలో ‘ఫ’ మొదటినుంచీ ఉంది. కాఫ్‌లో అది ఆలస్యంగా వచ్చింది, అంతకు ముందు అక్కడున్నది గొంతు ఖకారమే. వెనక్కి వెళ్లేకొద్దీ దుహిత, డాటర్ దగ్గరవుతాయి, ఇవి దూరమవుతాయి. కాఫ్ దగ్గు చప్పుడును అనుకరించి పుట్టిన మాట. డచ్చివాళ్లు దగ్గడాన్ని ఇప్పటికీ ‘కుఖెన్’ అంటారు.