ఏప్రిల్‌లో రోమ్, ఫ్లోరెన్స్: గుడ్డు కూడా ముట్టని అమ్మానాన్నలతో ఎక్కడ తినాలి?

తెనాలి_పిల్ల:
మేముండేది స్టుట్‌గార్ట్‌లో. అమ్మానాన్న వస్తున్నారు, రోమ్ నాలుగు రోజులు, ఫ్లోరెన్స్ రెండు రోజులు తిప్పుదామని టికెట్లు కొనేశాం. ఇద్దరూ గుడ్డు కూడా తినరు. నాన్నకి రాత్రి ఏడుకల్లా కంచం ముందుండాలి, చివర్లో పెరుగన్నం పడాలి. పోయినేడు వెనిస్‌లో మేమిద్దరం ఒకచోట కాఫీకి కూర్చుంటే, పక్కన వాయిస్తున్న పాటక్కూడా మనిషికింతని బిల్లులో వేశారు. ఆ దెబ్బకి మా ఆయన ఈసారి రోజూ ఇండియన్ రెస్టారెంటే అంటున్నారు. ఇటలీ దాకా వెళ్లి పాలక్ పనీర్ తినాలా? తెలిసినవాళ్లు చెప్పరూ.

ఓరుగల్లు_రోమా:
రోమ్‌లో మూడేళ్లు చదువుకున్నా, మా అమ్మని పది రోజులు తిప్పిన అనుభవంతో చెప్తున్నా.

ముందు నాన్నగారి ఏడు గంటల సంగతి. అది కుదరదండి. మంచి హోటళ్లు చాలావరకు రాత్రి ఏడున్నరకి గాని తలుపు తీయవు, మధ్యాహ్నం మూడింటికి పొయ్యి ఆపేస్తాయి. సాయంత్రం ఐదింటికి భోజనం పెడుతున్నారంటే అది టూరిస్టుల కొట్టే. మేం ఒంటిగంటకి హోటల్లో కడుపునిండా తినేవాళ్లం, రాత్రికి రూంలో అన్నం వండుకునేవాళ్లం. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. పెరుగుకి 'యోగుర్త్ బియాంకో' కొనండి గానీ, తెల్లగా ఉన్నదల్లా పెరుగు కాదు, కొన్నిట్లో చక్కెర ఉంటది. మొదటిరోజు నేను చూసుకోకుండా తెచ్చి అన్నంలో కలిపిన. అమ్మ ఒక ముద్ద తిని నా మొహం దిక్కు చూసింది, అంతే.

అక్కడ మనకు తెలిసినట్టు కనిపించేవే ముంచుతాయి. గుమ్మడిపూల బజ్జీ చూసి అమ్మ ఎంత సంబరపడ్డదో! లోపల చీజ్‌తో పాటు ఉప్పుచేప పెడతారు. సుప్లీ అచ్చం మన బోండానే, లోపలి అన్నంలో మాంసం ఉండొచ్చు. అదే పేరులో సముద్రమున్న మరినారా పిజ్జాలో చేపా లేదు, చీజూ లేదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. పాస్తా కూడా తాజాది మంచిదనుకుంటాం కదా, మీవాళ్లకి ఎండుదే మేలు. తాజా పాస్తాలో చాలావరకు గుడ్డు కలుపుతారు, ఎండు స్పగెట్టి గోధుమరవ్వా నీళ్లే. వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చితో చేసే 'ఆల్యో ఓల్యో' అడగండి, మన తిరగమోతే అది. కారం కావాలంటే రోమ్ వాళ్ల పెన్నె అర్రబ్బ్యాతా పాస్తా.

ఏప్రిల్ అన్నారు గనక పాత యూదుల పేటకి తప్పక తీస్కపోండి. ఆర్టిచోక్ అనే పూమొగ్గల సీజన్ అది. మొగ్గని మొగ్గలాగే నూనెలో వేయిస్తే రేకులు విచ్చుకుని అప్పడంలా కరకరలాడతయి. దాన్ని 'కర్చోఫి అల్లా జుదీయా' అంటారు. ఇంకోటి, యూదుల ఆచారంలో పాలూ మాంసమూ కలవకూడదు. పాల వంటలు చేసే కోషర్ (ఆ ఆచారం పాటించే) హోటలైతే ఆ వంటింట్లోకి మాంసమే రాదు. చేపా గుడ్డూ మాత్రం వస్తయి, అడగాలి. ఈ మాట చెప్తే మా అమ్మ, "అంటే మడివంటనా?" అంది.

హోటల్ ఎట్ల వెతకాలంటారా? గుమ్మంలో మనిషి నిలబడి రమ్మని పిలిచే చోటు వద్దు, ఫోటోల మెనూ వద్దు. ఒకే పేజీ మెనూ, అదీ ఇటాలియన్‌లోనే ఉంటే లోపలికి తొంగిచూడండి. నేను పన్నెండు కొట్టకముందే, రద్దీ లేనప్పుడు వెళ్లి అడిగేవాణ్ణి: సెన్జా కార్నే, సెన్జా పేషె, సెన్జా ఉవోవా. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. అప్పుడైతే వంటాయనే బయటికొచ్చి చెప్తడు. రాత్రి తొమ్మిదింటికి అడిగితే సర్వర్ అన్నిటికీ "సీ, సీ" (అవును, అవును) అంటడు.

ఫ్లోరెన్స్ బిల్లులో 'కొపెర్తో' అని, బల్ల దగ్గర కూర్చున్నందుకు మనిషికి రెండు మూడు యూరోలుంటే గొడవపడకండి, అది వాళ్ల పద్ధతి. కాఫీ మాత్రం కౌంటర్ దగ్గర నిలబడే తాగండి, కూర్చుంటే ధర మారుతది.

మిలానో_శాస్త్రి:
అసలుది చెప్పలేదు మీరు. చీజ్‌కి పార్మిజానో రెజ్జానో అన్న పేరు పెట్టుకోవాలంటే దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే పాలు విరగ్గొట్టాలి. పెకొరీనో రొమానో అనే గొర్రెపాల చీజ్‌కి గొర్రెపిల్లది. వాళ్ల లెక్కలో అది శాకాహారమే కాబట్టి అడగకుండానే పైన తురిమేస్తారు. 'సెన్జా ఫొర్మాజ్జో', చీజ్ లేకుండా అని కూడా చేర్చండి. ఫ్లోరెన్స్‌లో బీన్స్, ఆకుకూర, పాత రొట్టె వేసి చేసే రిబొల్లీతా బాగుంటుంది, మాంసం ఉడికించిన నీళ్లు పోశారేమో కనుక్కోండి. అక్కడి రొట్టెలో ఉప్పుండదు, ఆవకాయ సీసా దగ్గర పెట్టుకోండి. అమ్మగారు నెయ్యి తెస్తానంటే మాత్రం వద్దనండి, ఇండియా నుంచి పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు.

గోదారి_కోడలు:
మా అత్తగారు వారం రోజులు ఆ పార్మిజానోనే చల్లుకుని తిన్నారు. నేను నోరు విప్పలేదు. పాపం నాది, రుచి ఆవిడది!

ఓరుగల్లు_రోమా:
శాస్త్రిగారూ, నిజమే. మా అమ్మకి నేనూ నాలుగో రోజు దాకా చెప్పలేదు. చెప్పినంక ఇంటికొచ్చేదాకా మరినారానే. ముందే చెప్పాల్సింది.

తెనాలి_పిల్ల:
అందరికీ థాంక్సండీ. అమ్మకి ఫోన్లో దూడ సంగతి చెప్పేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మొగ్గ వేయించేది నూనెలోనేగా?" అంది. నాన్న మాత్రం ఏడున్నర దగ్గర ఇంకా బేరమాడుతున్నారు.