కొలనోస్కోపీకి పెగ్‌లెక్ బదులు చిన్న సీసా మందు వాడొచ్చా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి): నాన్నగారికి 62 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కాస్త ఎక్కువ. తాతయ్యకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది కాబట్టి డాక్టరు గారు ముందుజాగ్రత్తగా కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే టెస్టు) రాశారు. అంతకుముందు పేగు శుభ్రపడటానికి పెగ్‌లెక్ పొడి రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగాలట. ఈయన గ్లాసు మజ్జిగే బతిమాలితే తాగుతారు! మెడికల్ షాపులో 45 మి.లీ. ఫాస్ఫేట్ సీసా చూపించి ఇదీ పనిచేస్తుందన్నారు. టెస్టు గచ్చిబౌలిలో, పొద్దున 11కి. దారిలో ఎలాగన్నది ఇంకో టెన్షన్.

జవాబు: షాపు మాట వినకండి అన్నా. ఫాస్ఫేట్ ఒంట్లో నీటిని పేగులోకి లాగేస్తుంది, కిడ్నీల్లో పేరుకుని దెబ్బతీయవచ్చు. 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద గట్టి హెచ్చరిక ఇచ్చింది. క్రియాటినిన్ ఎక్కువ ఉన్న ఆయనకు అసలే వద్దు. పెగ్‌లెక్‌లోని పెగ్ అనే మందు రక్తంలోకి దాదాపు చేరదు, తాగిన నీళ్లే పేగును కడిగి బయటికొస్తాయి. అందుకే అన్ని నీళ్లు. పేగు శుభ్రం చేసే మందుల్లోనే పికోసల్ఫేట్ రకం తాగడానికి తేలికే గానీ అందులో మెగ్నీషియం ఉంటుంది, అదీ కిడ్నీ మనిషికి కుదరదు.

మరొకరు: ఒక్క రాత్రే రెండు లీటర్లూ పట్టించకండి. సగం ముందురోజు సాయంత్రం, సగం టెస్టు రోజు తెల్లవారుజామున ఇస్తే పేగు బాగా శుభ్రపడుతుంది. డాక్టరును అడిగి ఇలాగే చేయండి. మీకైతే 5కి మొదలెట్టి ఆరున్నరకల్లా ముగిస్తే, బయల్దేరేలోపు విరేచనాలు చాలావరకు సద్దుమణుగుతాయి. అయినా మెట్రో వద్దు, కారులో పాత టవల్ వేసుకెళ్లండి. పొడి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పావుగంటకో గ్లాసు, స్ట్రాతో. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకొకరు: రెండు మూడు రోజుల ముందు నుంచే ఆకుకూరలు, జామకాయ, టమాటా ఆపండి, గింజలు కెమెరాకు అడ్డమొస్తాయి. పాల టీ బదులు డికాక్షన్. రూహ్ అఫ్జా, బీట్‌రూట్ వద్దు, లోపల రక్తంలా కనబడతాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఆయనకు ఇచ్చేముందు అడగండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే వారం ముందే చెప్పండి. షుగర్, రక్తం పలచబడే మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ప్రశ్నించినవారు: థాంక్స్ అండీ. సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

జవాబు: చివర్లో మూత్రంలా లేత పసుపు నీళ్లే రావాలి. ఇంకా బురదగా వస్తుంటే బయల్దేరకముందే ఎండోస్కోపీ విభాగానికి ఫోన్ చేయండి.