గుంటూరు వీధులకు ఎలాంటి స్ట్రాలర్ (పసిబిడ్డను తోసుకెళ్లే బండి) కొనాలి? ఇప్పుడే కొనవచ్చా?

ప్రశ్న: కాబోయే తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

నమస్కారమండీ. మా ఆవిడకు ఏడో నెల నడుస్తోంది. మార్చి నెలాఖరుకు కాన్పు కావచ్చని డాక్టరు గారు చెప్పారు. సీమంతం కాగానే పురిటికి విజయవాడ పటమటలోని పుట్టింటికి వెళుతుంది. ఈలోగా స్ట్రాలర్ కొని ఉంచుదామని నాలుగు దుకాణాలు తిరిగాను గానీ, 3,500 రూపాయల నుంచి పాతిక వేల దాకా ధరలు చెప్పారే తప్ప, ఆ తేడా దేనికో ఒక్కరూ విడమరిచి చెప్పలేదు. మేము ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు తలుపు కొలిస్తే 27 అంగుళాలు వచ్చింది. మాకు కారు లేదు, స్కూటర్ ఉంది. పుట్టబోయే బిడ్డకు ముందే వస్తువులు కొనకూడదని మా అమ్మ పట్టుబడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

మా పెద్దవాడు కడుపులో ఉండగానే మావారు కూడా మీలాగే ఉత్సాహపడి, చూడముచ్చటగా ఉందని చిన్న చక్రాల బండి తెచ్చారు. మాల్‌లోని నున్నటి గచ్చు మీద వేలితో తోస్తే కదిలిన ఆ బండి, మా వీధి మలుపులో కాలువ మీద పరిచిన పలకల సందులో ముందు చక్రం దిగబడి టక్కున ఆగిపోయింది. బాబుకు బెల్టు పెట్టి ఉండబట్టి సరిపోయింది గానీ, హ్యాండిల్‌కు తగిలించిన సంచిలోని టమాటాలన్నీ రోడ్డు మీద దొర్లాయి. (ఆ సంచి తగిలించడం కూడా తప్పేనని, దాని బరువుకు బండి వెనక్కి తిరగబడవచ్చని తర్వాత తెలిసింది.) భుజాల మీదుగా, నడుముకు రెండు పక్కల నుంచి, కాళ్ల మధ్య నుంచి వచ్చి ఒకచోట కలిసే ఐదు పాయల బెల్టు లేని బండిని ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి. బిడ్డను బండిలో తోసుకుంటూ బీసెంట్ రోడ్డులో బట్టలు కొనే ఆశ ఉంటే మాత్రం వదులుకోండి. అక్కడ మనిషి నడవడానికే పక్కకు తిరగాలి.

జవాబు: మెకానికల్ ఇంజినీరు, అరండల్‌పేట, గుంటూరు

స్కూటర్ మీద తేవాలంటే గొడుగులా ముడుచుకునే రకమే మీకు వీలు. దాన్ని 1965లో రూపొందించిన ఓవెన్ మెక్లారెన్, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజినీరు. అల్యూమినియం గొట్టాలు వాడి బరువు తగ్గించారు. అయితే ఈ రకంలో చాలావాటికి వీపు భాగం పూర్తిగా వెనక్కి వాలదు. మెడ నిలవని పసిబిడ్డను అలా కూర్చోబెడితే తల ముందుకు వాలి ఊపిరి అందకపోయే ప్రమాదం ఉంది. కనుక పూర్తిగా పడుకోబెట్టే వీలున్నదైనా కొనాలి, లేదా మెడ నిలిచి బిడ్డ కూర్చునే దాకా, అంటే సుమారు ఆరు నెలలు ఆగాలి. చక్రం ఎంత పెద్దదైతే గుంతను అంత సులువుగా దాటుతుంది. దుకాణంలో మొహమాటపడకుండా 10 కిలోల బియ్యం సంచి అందులో పెట్టి, వాలు మీద బ్రేకు వేసి చూడండి. మీ లిఫ్టు తలుపులో పట్టాలి కనుక వెనక చక్రాల బయటి అంచుల మధ్య వెడల్పు కొలవడం మరవకండి. ఐరోపా ప్రమాణమైన ఇఎన్ 1888 ముద్ర ఉంటే మరీ మంచిది.

జవాబు: మనవలున్న పెద్దావిడ, కొత్తపేట, గుంటూరు

నాయనా, మీ అమ్మగారి మాట కొట్టిపారేయకు. పుట్టింటి నుంచి బిడ్డ మూడో నెలలోనో ఐదో నెలలోనో వస్తుంది. అప్పటిదాకా ఆ బండి మీ ఇంట్లో దుమ్ము పట్టడం తప్ప చేసేదేముంది? పైగా పుట్టేది ఎండాకాలం మొదట్లో. ఎండ తగలకూడదని బండి మీద పల్చటి గుడ్డ కప్పినా లోపల గాలి ఆడక ఉడికిపోతుంది. నువ్వు చెప్పిన లెక్కకు ఆరు నెలలు నిండేది దసరా రోజుల్లోనే కదా. అప్పుడు కొను, మీ అమ్మగారికీ అభ్యంతరం ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. దసరా మాట చెప్పగానే అమ్మ ఒప్పుకుంది, పైగా డబ్బు తానే ఇస్తానంది. నిన్న సాయంత్రం టేపు తీసుకుని మా లైను చివర కాలువ పలకల సందు కొలిచాను, 2 అంగుళాలుంది. అక్కడి నుంచి దుకాణానికి వెళ్లి, నాకు నచ్చిన 3,500 రూపాయల బండి ముందు చక్రం మందం కొలిస్తే సరిగ్గా అంగుళం వచ్చింది.