కిల్టు కట్టుకోవడమా, తొడుక్కోవడమా?

గ్లాస్గో నుంచి

సమూహంలోని పెద్దలకు నమస్కారం. ఒక క్రియాపదం విషయంలో మీ సాయం కావాలి.

ఈ మధ్య ఒక కిల్టు కొనుక్కున్నాను. స్కాట్లండ్ మగవాళ్ల బట్ట, నడుము నుంచి మోకాళ్ల దాకా ఉంటుంది. పెళ్లిళ్లకూ విందులకూ వాడే ఎనిమిది గజాల ఉన్ని కిల్టు కాదు. దాదాపు అందులో సగం గుడ్డతో, పాలియెస్టర్, విస్కోస్ కలిపి నేసిన తేలికపాటిది, రోజువారీగా తిరగడానికి పనికొచ్చేది. దాని టార్టన్, అంటే గళ్ల నమూనా, పేరు బ్లాక్ వాచ్. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, నలుపు గళ్లు. ఫలానా వంశం వారే వాడాలన్న పట్టింపు దీనికి లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మొన్న సెలవు రోజున ఆ కిల్టుతోనే ఎడింబరా అంతా తిరిగి వచ్చాను. ఆ ముచ్చట తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. కిల్టు కట్టుకున్నాననాలా, తొడుక్కున్నాననాలా, వేసుకున్నాననాలా?

'ధరించాను' అని దాటవేయవచ్చు. కానీ కిరీటాన్నీ ధరిస్తారు, మాస్కునూ ధరిస్తారు. చేతులు ఏమి చేశాయో ఆ మాట చెప్పదు. మనకేమో ఒక్కో బట్టకు ఒక్కో క్రియ ఉంది. చీర, పంచె కట్టుకుంటాం. చొక్కా తొడుక్కుంటాం, శాలువా కప్పుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం, కండువా వేసుకుంటాం, టోపీ పెట్టుకుంటాం. 'పంచె తొడుక్కున్నాడు' అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇంత నిశితంగా చూసే భాష కిల్టును ఏ వరసలో నిలబెడుతుందో తెలుసుకోవాలని ఉంది.

కిల్టును దగ్గరగా చూడని వారి కోసం అది ఒంటి మీదికి ఎలా వస్తుందో చెబుతాను. విప్పి పరిస్తే అది ఒకే పొడవాటి గుడ్డ. రెండు కొసలూ చదునుగా ఉంటాయి, మధ్యలో అంతా కుచ్చిళ్లు. ఆ కుచ్చిళ్లను నడుము నుంచి తుంటి దాకా కుట్టేస్తారు, అక్కడి నుంచి కిందికి విడిగా ఊగుతాయి. కుచ్చిళ్ల భాగాన్ని వెనక్కి ఉంచి, లోపలి కొసను కుడి నుంచి ఎడమకు తెచ్చి, దాని తోలు పట్టీని ఎడమ పక్కన ఉన్న చిన్న చీలికలోంచి బయటికి లాగి బకిల్‌లో బిగించాలి. తర్వాత పై కొసను ఎడమ నుంచి కుడికి తెచ్చి కుడి తుంటి మీద బిగించాలి. కాలు దూర్చే పని లేదు. ముడి లేదు, బొందు లేదు, దోపడమూ లేదు. కింది అంచు మోకాలి చిప్ప దగ్గర ఆగాలి. పై కొస కింది మూలలో ఒక పెద్ద పిన్ను గుచ్చుతారు. అది పై పొరకు మాత్రమే. రెండు పొరలనూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు గుడ్డ లాగి చిరుగుతుందని దుకాణంలో పెద్దాయన రెండుసార్లు చెప్పి, తన చేత్తోనే పెట్టి చూపించాడు.

పైన మామూలు టీషర్టు, కాళ్లకు బూట్లు, చీలమండ దాకా మడిచిన మందపాటి మేజోళ్లు. కోటు, టై అక్కర్లేదు. 2024 జూన్‌లో యూరో ఫుట్‌బాల్ తొలి మ్యాచ్‌కు స్కాట్లండ్ అభిమానులు మ్యూనిక్‌కు తరలివెళ్లినప్పుడు ఆ నగర వీధుల నిండా ఇవే కనిపించాయి, జట్టు చొక్కాల కింద కిల్టులు. ఎడింబరాలోని ప్రిన్సెస్ స్ట్రీట్‌లో గాలి ఎలా వీస్తుందో వెళ్లినవారికి తెలుసు. కానీ వెనక అంత గుడ్డ మడతల్లో ఉండటం వల్ల నేననుకున్నంత ఇబ్బంది కలగలేదు. బస్సులో కూర్చునేటప్పుడు మాత్రం అరచేత్తో వెనక కుచ్చిళ్లను కిందికి సవరించుకుని కూర్చోవాలి. నా పక్కనే నిలబడిన ఒక స్థానికుడు చూడకుండానే అలా సవరించుకుని కూర్చున్నాడు. చీర కట్టుకున్న మా అమ్మ చేతి కదలికే అది.

నాకైతే 'కట్టుకున్నాను' అనాలనిపిస్తోంది. ముడి లేని చోట కట్టడం ఎలా కుదురుతుందన్నదే సందేహం.


హైదరాబాద్ నుంచి

'వేసుకున్నాను' అంటే సరిపోతుంది కదా అన్నా. ప్యాంటు వేసుకుంటాం, స్కర్టు వేసుకుంటాం, కిల్టూ అంతే. ఆ మాటకొస్తే 'గళ్ల స్కర్టు' అని రాస్తే చదివేవాళ్లకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. లేదా గళ్ల లుంగీ అనండి, మన పల్లెల్లో అందరికీ తెలిసిన బట్టే.


తెనాలి నుంచి

ముందు గ్లాస్గో అబ్బాయి అడిగిన దానికి జవాబు. నాయనా, నీకు తోచిందే సరైనది. కట్టుకోవడమే.

ముడి ఉంటేనే కట్టు అన్న నియమం మన వాడుకలో లేదు. చేతికి వాచీ కట్టుకున్నాడంటాం. దానికి ఉన్నది తోలు పట్టీ, బకిల్. నీ కిల్టుకు ఉన్నవీ అవే. ఈ రోజుల్లో వెల్‌క్రోతో అంటించుకునే పంచెలు బజారులో దొరుకుతున్నాయి. వాటికి ముడీ లేదు, దోపడమూ లేదు. అయినా పెళ్లికొడుకు పంచె కట్టుకున్నాడనే అంటారు గానీ అంటించుకున్నాడని ఎవరూ అనరు. కుట్టిన బట్టకు 'కట్టు' చెల్లదని కొందరంటారు, అదీ నిలవదు. పరికిణీ దర్జీ కుట్టినదే, ఆడపిల్ల పరికిణీ కట్టుకుంటుంది. గుడ్డను నడుము చుట్టూ తెచ్చి జారకుండా నిలిపే పని ఎక్కడ ఉందో అక్కడ 'కట్టు' ఉంటుంది. చెయ్యో కాలో లోపలికి దూరే చోట 'తొడుగు' ఉంటుంది. కిల్టులో ఏదీ దూరదు. కాబట్టి 'తొడుక్కున్నాను' పనికిరాదు.

పట్టీల దగ్గర మాత్రం 'బిగించు' అని రాయి. కాళియుడి మడుగులోకి దూకబోతున్న కృష్ణుడిని పోతన 'కటిచేలంబు బిగించి' అన్నాడు. నడుము గుడ్డకు ఆ క్రియ ఎంత బలంగా అతుకుతుందో ఆ రెండు మాటలు చాలు.

ఇంకొక సంగతి. కిల్టు అన్న మాట పుట్టుకలోనే క్రియ ఉంది. స్కాండినేవియా భాషల నుంచి వచ్చిన మాట అది, డేనిష్‌లో దాని చుట్టం ఇప్పటికీ ఉంది. అర్థం, గుడ్డను పైకి ఎత్తి దోపుకోవడం. పొలంలో దిగేముందు మనవాళ్లు పంచె ఎగగట్టడం, నాట్లు వేసే ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎగదోపుకోవడం లాంటి పని. ముందు పని పేరు, ఆ తర్వాతే బట్ట పేరు. స్కాట్లండ్ కొండసీమ హైలాండ్స్ భాష గేలిక్‌లో దాన్ని ఫేలె అంటారు. మొదట ఉన్నది ఫేలె మోర్, అంటే పెద్దది. కుట్టు లేని పొడవాటి గుడ్డను నేల మీద పరిచి, కుచ్చిళ్లు పోసి, దాని మీద వెల్లకిలా పడుకుని, రెండు వైపులా ఒంటి మీదికి తెచ్చి నడుముకు తోలు పట్టా బిగించేవారు. మిగిలిన పై సగం భుజం మీదికి. 18వ శతాబ్దంలో ఆ పై సగం పోయి, నడుము నుంచి మోకాలి దాకా ఉన్నది మిగిలింది. నువ్వు కొన్నది దాని వారసురాలు. ఆ పెద్దదాన్ని 'వేసుకోవడం' అనడానికి ఎవరికైనా నోరు వస్తుందా?

ఇక హైదరాబాద్ మిత్రుడికి. బాబూ, తేలిగ్గా అర్థం కావడం ఒక్కటే కొలమానం కాదు. స్కాట్లండ్ వారిని స్కర్టు అన్న మాట నొప్పించడానికి కారణం ఉంది. స్కాట్లండ్ తిరుగుబాటుదారులు ఓడిన కలొడెన్ యుద్ధం తర్వాత 1746లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. సైన్యంలో ఉన్నవారు తప్ప స్కాట్లండ్‌లో మగవాడు గానీ మగపిల్లవాడు గానీ హైలాండ్ దుస్తులు ఒంటి మీద వేయకూడదు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి పట్టుబడితే ఏడేళ్లు సముద్రాల అవతలి తోటలకు పంపించడం. 1747 ఆగస్టు 1 నుంచి అమలైంది, 1782లో గానీ రద్దు కాలేదు. నిషేధం పాలై బతికి వచ్చిన బట్టకు దాని పేరు దానికి ఉండనివ్వాలి. లుంగీ కూడా ఆ పేరుకు బదులు కాదు. లుంగీకి కుచ్చిళ్లు ఎక్కడ?

ఈ నిషేధానికీ మనకూ మధ్య ఒక మనిషి ఉన్నాడు. మన ఊళ్ల కైఫియత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌కు చెందిన లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. 1783లో మద్రాసు వచ్చాడు. అంటే పుట్టిన నాటి నుంచి యువకుడయ్యేదాకా అతడు పెరిగింది ఆ చట్టం కిందే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులతో కలిసి తెలుగు పల్లెల చరిత్రలు రాయించిన మనిషి బాల్యంలో, ఊరి మగవాడు కిల్టు కట్టుకుని వీధిలోకి వస్తే నేరం. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కైఫియత్తులు ఇంకొంచెం దగ్గరవుతాయి.


చీరాల నుంచి

మాస్టారికి నమస్కారం. కట్టు గురించి మీరు చెప్పాక చేర్చడానికి ఏమీ లేదు. మాది నేత ఇల్లు కాబట్టి గుడ్డ గురించి నాలుగు మాటలు.

తమ్ముడూ, గళ్లు అని నువ్వు రాసినది నిజమే, కానీ 'గళ్ల గుడ్డ' అని ఆపేస్తే టార్టన్ పట్టుబడదు. మా దగ్గర గళ్ల తువ్వాలు నేసేటప్పుడు పడుగుకు, అంటే నిలువు పోగులకు, ఒక రంగుల వరస, పేకకు, అంటే అడ్డపోగులకు, వేరే వరస పెట్టుకోవచ్చు. టార్టన్‌లో సాధారణంగా పడుగులో ఏ రంగులు ఏ లెక్కన ఉంటాయో పేకలోనూ అవే రంగులు, అదే లెక్కన రావాలి. అదీగాక ఆ నేత సాదా నేత కాదు. పేక పోగు రెండు పడుగు పోగుల మీదుగా పోయి రెండింటి కిందికి దిగుతుంది, వరస వరసకూ ఒక పోగు జరుగుతుంది. అందుకే దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. నీలం మీద నీలం పడిన చోట నిండు నీలం, నీలం మీద ఆకుపచ్చ పడిన చోట రెండూ కలిసిన ఛాయ. మూడు రంగుల నీ బ్లాక్ వాచ్‌లో ఇలా ఆరు ఛాయలు వస్తాయి. ఆరు రంగులు పెడితే ఇరవై ఒకటి వస్తాయి. మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, కళ్ల ముందే పుడుతుంది.

ఆ రంగుల లెక్కకు వాళ్లు ప్రభుత్వ జాబితా పెట్టుకున్నారు. 2009 నుంచి స్కాట్లండ్‌లో టార్టన్‌లను అధికారికంగా నమోదు చేస్తున్నారు, ఏ రంగు ఎన్ని పోగులో సహా. చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు రేవు పేరుతో 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' అయి పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్లాయి. నేసిన ఊరి పేరు మాత్రం గుడ్డ మీద నిలవలేదు. వాళ్లు తమ పేర్లను ఇంత జాగ్రత్తగా దాచుకోవడం చూస్తే నాకు ముచ్చటగానూ ఉంటుంది, కడుపులో కలుక్కుమంటుంది కూడా. కాబట్టి టార్టన్‌ను టార్టన్ అనే రాయి. బ్లాక్ వాచ్‌ను బ్లాక్ వాచ్ అనే రాయి.

కుచ్చిళ్లు అన్న మాట మాత్రం మనదే వాడు, అది చక్కగా అతికింది. చీరకు ముందు, కిల్టుకు వెనక, అంతే తేడా. మంచి కిల్టులో కుచ్చిళ్లు పోసినా గళ్ల వరస చెదరకుండా మడతలు లెక్కవేస్తారు. సైనికుల కిల్టుల్లో అలా కాకుండా ప్రతి మడత మీదా ఒకే చార నిలబడేలా పెడతారు. రెండూ చేతి లెక్కతో తేలేవే. అంచు అన్న మాట కూడా ధైర్యంగా వాడు. ఉన్ని కిల్టు కింద మడిచి కుట్టరు, మగ్గం మీద వచ్చిన అంచే అక్కడ ఉంటుంది.


హైదరాబాద్ నుంచి

స్కర్టు మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. ఆ చట్టం సంగతి నాకు తెలియదు. 'వేసుకున్నాను' మాత్రం మా ఇంట్లో అన్నిటికీ వాడతాం, లుంగీకి కూడా. అది తప్పంటారా?


తెనాలి నుంచి

తప్పనను. మాట్లాడేటప్పుడు 'వేసుకొను' ఎక్కడైనా ఒదుగుతుంది, అదే దాని గుణం. కానీ 'కట్టూ బొట్టూ' అనే భాషలో, 'కట్టుబట్టలతో బయటపడ్డారు' అనే భాషలో, రాసేవాడు చేతిలో ఉన్న పదునైన మాటను వదిలి మొద్దుబారిన మాటను ఎందుకు తీసుకోవాలి? పిల్లలు చీర కూడా 'వేసుకుంటున్నామని' అంటున్నారు. అది వింటే నాకు బాధగా ఉంటుంది.


గ్లాస్గో నుంచి

మాస్టారికీ అక్కకూ కృతజ్ఞతలు. వాచీ, వెల్‌క్రో పంచె ఉదాహరణలతో నా సందేహం తీరిపోయింది. మొదటి వాక్యాలు ఇలా రాసుకున్నాను: 'ఆ రోజు బ్లాక్ వాచ్ టార్టన్ కిల్టు కట్టుకుని, పట్టీలు బిగించి, వెనక కుచ్చిళ్లు ఒకసారి సవరించుకుని ఎడింబరా రైలెక్కాను.'

ఇంకొకటి మిగిలింది. కిల్టుకు జేబులుండవు. ముందు భాగాన, నడుముకు గొలుసుతో వేలాడే తోలు సంచి ఉంటుంది, స్పోరన్ అంటారు. డబ్బులు, ఫోను, తాళాలు అందులోనే. దీనికి మన మాట ఏదైనా ఉందా?


తెనాలి నుంచి

డబ్బు రొంటిన దోపుకునే అలవాటు మనది కాబట్టి 'రొంటి సంచి' అనవచ్చు. అయితే మొదటిసారి స్పోరన్ అనే రాసి, నువ్వు ఇప్పుడు చెప్పినట్టే వర్ణించు. రెండోసారి నుంచి రొంటి సంచి అను. క్రియ మాత్రం 'పెట్టుకున్నాను' కాదు, 'తగిలించుకున్నాను'.


చీరాల నుంచి

తమ్ముడూ, పై కొస అంచును బాగా దగ్గరగా తీసిన ఫోటో ఒకటి పెట్టు. కుడి పక్కన పోగులు కుచ్చులా వదిలారా, మడిచి కుట్టారా చూడాలి. లోపలి వైపు కూడా ఒకటి తీయి.