7500 పీఎస్ఐ హైడ్రోటెస్ట్‌కి ఎయిర్ పంపు: 1:100 తీసుకోవాలా, 1:150 తీసుకోవాలా?

కోనసీమ_ఫ్యాబ్రికేషన్:
అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర మాకు చిన్న షెడ్డు ఉంది. ఇన్నాళ్లూ రైస్ మిల్లు పనులు, రొయ్యల చెరువుల ఏరేటర్ ఫ్రేములే ఎక్కువ. ఇప్పుడు గ్యాస్ లైన్ స్పూల్స్ (ముందే వెల్డు చేసి పెట్టే పైపు ముక్కలు) పని ఒకటి సబ్ కాంట్రాక్టులో వచ్చింది. 4 అంగుళాల సైజు పైపు, గోడ మందంగా ఉండేది, డిజైన్ ప్రెషర్ 5000 పీఎస్ఐ, హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి ప్రెషర్ ఎక్కించి చూసేది) దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 7500, బార్లలో 517. ఒకేసారి 50 మీటర్ల దాకా కలిపి టెస్ట్ చేయాలని ఉంది. చేతి పంపుతో తెమిలే పని కాదు, సైట్లో గ్యాస్ ఉన్నచోటికి మామూలు కరెంటు మోటారు రానివ్వరు, అందుకని గాలితో నడిచి నీళ్లకి ప్రెషర్ ఎక్కించే ఎయిర్ పంపు కొందామనుకున్నాం. 10 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది, గేజిలో 7 బార్ చూపిస్తుంది. ఒక డీలరేమో 1:100 (గాలి ప్రెషర్‌కి వంద రెట్లు నీళ్ల ప్రెషర్ ఇచ్చేది) చాలు, 700 బార్ వస్తుందంటున్నారు. ఇంకొకరు 1:150 అంటున్నారు గానీ దాని ఫ్లో తక్కువ. ఫ్లో తక్కువైతే రోజంతా దాని ముందే కూర్చోవాలని మా మేస్త్రీ గోల. ఏది తీసుకోమంటారు?

కాకినాడ_టెస్టింగ్:
1:150 తీసుకోండి అన్నా. 7 బార్ గాలికి 1:100 పంపు 700 ఇస్తుందన్న మాట అబద్ధం కాదు, కాకపోతే అది పంపు ఆగిపోయే చోట వచ్చే ప్రెషర్. అక్కడ గాలి తోపూ నీళ్ల ఒత్తిడీ సమానమైపోతాయి, ఫ్లో సున్నా. పైగా మీ కంప్రెసర్ 7 దగ్గర కట్ ఆఫ్ అయ్యి మళ్లీ ఎక్కడ అందుకుంటోందో చూశారా? చాలావాటికి 5.5 దగ్గర ఉంటుంది. 5.5ని 100తో గుణిస్తే 550, మీకు కావాల్సింది 517, ఆ చివర్లో పంపు ఒక్కో స్ట్రోకూ ఈడ్చుకుంటూ పోతుంది. 1:150కి అదే గాలితో 825 వస్తుంది, మీ 517 అందులో మూడింట రెండొంతుల లోపే, కాబట్టి టెస్ట్ ప్రెషర్ దగ్గర కూడా తేలిగ్గా ఆడుతుంది.

ఇక మేస్త్రీ గారి ఫ్లో సంగతి. ఆ పైపు లోపల మీటరుకి దాదాపు 6 లీటర్లు పడతాయి, 50 మీటర్లకి 300. ఈ 300 ఎయిర్ పంపుతో నింపకూడదు, మామూలు నీళ్ల మోటారుతో నింపేయాలి. నిండాక 517 బార్ ఎక్కించడానికి నీళ్లు రెండు శాతం పైచిలుకు నొక్కుకుంటాయి, అంటే ఓ 7 లీటర్లు. పైపు సాగేది, మిగిలిపోయిన గాలి కలిపి 10 అనుకోండి. ఆ ప్రెషర్ దగ్గర నిమిషానికి లీటరు ఇచ్చే పంపైనా పది నిమిషాల పని, అర లీటరైతే ఇరవై. కేటలాగులో పైన పెద్దక్షరాలతో వేసే ఫ్లో ప్రెషర్ లేనప్పటిది, దాన్ని చూసి కొనకండి. 5.5 బార్ గాలి మీద, 517 బార్ దగ్గర ఎన్ని లీటర్లు ఇస్తుందో కర్వ్ (ప్రెషర్‌ని బట్టి ఫ్లో చూపే గ్రాఫ్) చూపించమని అడగండి. అదే కర్వ్‌లో గాలి ఖర్చు కూడా ఉంటుంది. మీ 10 హెచ్‌పీ కంప్రెసర్ 35, 40 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) మించి ఇవ్వదు. గాలి హోసు మొత్తం అరంగుళం లోపలి సైజు ఉండాలి, సన్న హోసు, నాలుగు క్విక్ కప్లర్లు పెడితే మంచి పంపు కూడా ఆయాసపడుతుంది.

రాజమండ్రి_పైపింగ్:
రేషియో విషయంలో పై ఆయన చెప్పిందే నా మాట కూడా. ఇంకోటి మాత్రం మర్చిపోకండి. ప్రెషర్ ఎక్కాక పంపుకీ స్పూల్‌కీ మధ్య వాల్వ్ కట్టేసి, గాలి కూడా ఆపేసి, స్పూల్ వైపున్న గేజి చూడాలి. ఎందుకంటే ఎయిర్ పంపు ఆగినట్టే ఉంటుంది గానీ ప్రెషర్ కాస్త తగ్గగానే తనంతట తనే ఒక స్ట్రోక్ కొట్టి నింపేస్తుంది. వాల్వ్ తెరిచే ఉంచితే గేజి ముల్లు కదలదు, వెల్డులో చెమ్మ కారుతున్నా టెస్ట్ పాసైనట్టే కనిపిస్తుంది. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం ఊళ్లో గ్యాస్ లైన్ పేలినప్పుడు ఏం జరిగిందో మన కోనసీమలో తెలియనివాళ్లు లేరు. ఈ పనిలో తూతూ మంత్రం టెస్ట్ వద్దండి.

గేజి 1000 బార్‌ది పెట్టండి, కాలిబ్రేషన్ కాగితం ఉన్నది. ప్రెషర్ హద్దు దాటితే తనంతట తనే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి. నింపేటప్పుడు ఎత్తుగా ఉన్న చివర వెంట్ తెరిచి, బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగండి, లోపల చిక్కుకున్న గాలి ప్రెషర్లో స్ప్రింగులా ఉంటుంది, ఏదైనా ఊడితే మనిషి మీదకొస్తుంది. ప్లగ్గుకి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకండి. కారుతోందని ప్రెషర్లో స్పానర్ వేయకండి, చేత్తో తడిమి అసలు చూడకండి. సూది బెజ్జమంత చోట నుంచి వచ్చే ధార చర్మం లోపలికి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

కోనసీమ_ఫ్యాబ్రికేషన్:
చాలా థ్యాంక్సండి. వాల్వ్ సంగతి డీలర్లు ఎవరూ చెప్పలేదు. మా వైపు బోరు నీళ్లు ఉప్పన, కాలువ నీళ్లు వాడొచ్చా? పంపు నూనెదా, నీళ్లదా అని కూడా అడుగుతున్నారు.

యానాం_మెయింటెనెన్స్:
నీళ్లదే, తడి తగిలే భాగాలు స్టెయిన్‌లెస్‌వి తీసుకోండి. ఉప్పు బోరు నీళ్లు మాత్రం వద్దు. కార్బన్ స్టీల్ పైపైతే తుప్పు, స్టెయిన్‌లెస్ లైనైతే క్లోరైడ్‌తో సన్న పగుళ్ల భయం, స్పెక్‌లో సాధారణంగా 50 పీపీఎం లోపు అడుగుతారు, ముందే చూసుకోండి. కాలువ నీళ్లలో ఒండ్రు ఉంటుంది, డ్రమ్ములో తేర్చి, సక్షన్‌కి ఫిల్టరు వేసి వాడండి, లేకపోతే చెక్ వాల్వుల్లో మట్టి చేరి పంపు ఊరికే ఆడుతుంది, ప్రెషర్ ఎక్కదు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే ఆర్‌ఓ ప్లాంటు నుంచి ట్యాంకరు తెప్పించుకోవడమే. డ్రమ్ము పంపు కంటే ఎత్తులో పెట్టండి.

మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కదా, పంపు పక్కనే మాయిశ్చర్ సెపరేటర్ పెట్టి, పొద్దున్నే కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలేయండి. చెమ్మ గాలి ఎగ్జాస్ట్‌లో ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడి, సైలెన్సర్ మీద ఐసు కట్టి పంపు నెమ్మదిస్తుంది, జనమేమో పంపు పాడైందనుకుంటారు. ఆర్డర్ ఇచ్చే ముందు సీల్ కిట్టు డీలర్ దగ్గర స్టాకులో ఉందో లేదో కనుక్కుని, ఒకటి పంపుతో పాటే బిల్లులో వేయించుకోండి.