నైట్ షిఫ్ట్ చేసొచ్చి పండుకుంటే పక్కింటి కుక్కలు మొరుగుడే మొరుగుడు, ఏం జేయాలె?

దేవరకొండ పోరడు:
అన్నలకు అక్కలకు దండాలు. నేను మెల్‌బోర్న్ వచ్చి రెండున్నర నెలలైతుంది, టార్నీట్‌ల ఇంకో ముగ్గురితోని షేరింగ్. వేర్‌హౌస్‌ల నైట్ షిఫ్ట్, పొద్దుగాల ఏడింటికి ఇంటికొచ్చి పండుకుంటా. ఎనిమిదిన్నర దాటినంక పక్కింటామె డ్యూటీకి పోతది, ఆమె కారు మలుపు తిరుగుడే ఆలస్యం రెండు కుక్కలు షురూ చేస్తయి, ఇగ సాయంత్రం దాక అదే లొల్లి. మా కిటికీకి వాళ్ల ఫెన్స్‌కు నడుమ మనిషి అడ్డం తిరిగే జాగ గూడ లేదు. చెవులల్ల దూది పెట్టిన, ఫ్యాన్ పెట్టిన, ఫాయిద లేదు. మొన్న ఫోర్క్‌లిఫ్ట్ మీదనే కండ్లు మూతపడ్డయి, భయమైంది. పోలీసులకు ఫోన్ చేయొచ్చా? చేస్తే వీసాకేమన్న అయితదా? మా రూమ్మేటేమో ఆన్‌లైన్ల కుక్క మొరిగితే షాక్ కొట్టే మెడపట్టీ దొరుకుతది కొందాం అంటుండు.

మిర్యాలగూడ అన్న:
తమ్మీ, 000కు మాత్రం చేయకు, అది పానం మీదికొచ్చినప్పుడు చేసే నంబరు. పోలీసులది 131 444 అని ఇంకోటి ఉంది గానీ కుక్క మొరుగుడుకు వాళ్లు గూడ కౌన్సిల్‌కు, అంటే మన మున్సిపాలిటీ అసొంటి దానికి, చెప్పుకోమంటరు. మన మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంల ఇది డొమెస్టిక్ యానిమల్స్ యాక్ట్ 1994 కిందికొస్తది, సెక్షన్ 32. ఇన్ని డెసిబెల్స్ అని లెక్కేం లేదు, పక్కోళ్లు నెమ్మదిగ ఉండలేనంతగ ఆగకుండ మొరిగితే న్యూసెన్సే. కౌన్సిలోళ్లు ముందుగాల అడిగేది డైరీ. ఏ తారీఖు, ఎన్ని గంటలకు షురూ అయింది, ఎంతసేపు, దాంతోని నీకేం తిప్పలైంది, ఇవన్ని రాయాలె. రోజంత మొరుగుతున్నయి అని ఒక్క ముక్క రాస్తే ఎవ్వడు చదువడు. రేపు కేసు మెజిస్ట్రేట్ కోర్టు దాక పోతే ఆ డైరీనే సాక్ష్యం, నిన్ను గూడ పిలుస్తరు. వీసాకేం గాదు, మొరిగింది నువ్వు కాదు గద.

నారాయణపేట చిన్నోడు:
బ్రో నైట్ షిఫ్ట్ ఎన్ని గంటలు చేస్తున్నవ్? స్టూడెంట్ వీసా అయితే క్లాసులు నడిచేటప్పుడు రెండు వారాలకు 48 గంటలే, 2023 జులై సంది. కుక్కల సంగతి పక్కకు పెట్టు, ముందు అది చూసుకో.

దేవరకొండ పోరడు:
48 లోపలనే అన్నా. కుక్కల సంగతి చెప్పుర్రి జర.

జడ్చర్ల అక్క:
నాది ఇను తమ్ముడు, పెద్ద కథ. అప్పుడు మేం వేరే సబర్బ్‌ల ఉంటిమి, మా పాపకు నాలుగు నెలలు, ఇండియాకెల్లి మా అత్తమ్మ వచ్చి ఉన్నది. వెనుకింట్ల ఒక బార్డర్ కోలీ జాతి కుక్క. పాపను అట్ల పండవెట్టుడు, అది ఇట్ల మొరుగుడు. నేను కోపానికొచ్చి వాళ్లకు ఒక్క మాట చెప్పకుండ సీదా కౌన్సిల్‌కు ఎక్కిన. రెండు వారాలు డైరీ రాయమన్నరు, రాసి పంపిన, నెల దాక ఉలుకు లేదు పలుకు లేదు. ఫోన్ చేస్తే చూసే ఆఫీసర్ లీవుల ఉన్నడు. మల్ల చేస్తే మీరు పాత ఫారం మీద రాసిండ్రు కొత్త దాని మీద పంపుర్రి అన్నరు, మల్ల రెండు వారాలు. ఆఖరికి ఒకాయన వచ్చి రోడ్డు మీద కారాపి పది నిమిషాలు కూసుండు. ఆ పది నిమిషాలు ఆ కుక్క గుడిల పూజారి లెక్క నోరు మూసుకొని ఉన్నది. మొరుగుడేం ఇనవడలే అని రాసుకొని పోయిండు.

అయినా కౌన్సిల్‌కెల్లి వాళ్లకు ఒక లెటర్ పోయింది. కంప్లైంట్ ఎవరిచ్చిండ్రో పేరు చెప్పరనుకో, కానీ వెనుక ఇండ్లే మూడు, ఒకటి ఖాళీ, ఇంకోదాంట్ల చెవులు ఇనవడని ముసలాయన, ఇగ మిగిలింది ఎవరు? ఆ కుక్క ఓనరామె ఫెన్స్ కాడ నిలవడి ఒకటే అడిగింది, నేను ఇంట్ల ఉంటే అది మొరగదు, నువ్వు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది అని. నా మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

ఇది సాలదన్నట్టు మా అత్తమ్మ, మచ్చిక చేసుకుంటె మొరగదని, ఉల్లిగడ్డ ఏసిన గారెలు ఫెన్స్ మీదికెల్లి ఏస్తున్నదట, ఊర్ల వాకిట్ల కుక్కకు సద్ది బువ్వ ఏసినట్టు. కుక్కలకు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ విషం, రక్తం పాడైతదంట, మాకేం తెలుసు? దానికి వాంతులు, వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి ఉరుకుడు. బిల్లు సగం మేమే కట్టినం. అందుకే చెప్తున్న, మంది కుక్కకు ఏమీ పెట్టకు, ముద్దొచ్చినా పెట్టకు.

కల్వకుర్తి బావ (సిడ్నీ):
అక్క కథ మంచిగనే ఉంది గానీ నేనైతే దర్వాజ కొట్టుమని చెప్ప. కొత్తగొచ్చినోడు, ఇంగ్లీష్‌కు నోరు ఇంక తిరుగుతలేదు, నిద్ర లేని మొఖంతోని పోయి నిలవడితే లొల్లికొచ్చిండనుకుంటరు. కౌన్సిల్ న్యూసెన్స్ ఆర్డర్ ఇస్తె 6 నెలలు ఉంటది, అదే నయం. ఇగ ఆ షాక్ పట్టీ ముచ్చట మర్చిపోండ్రి, మా దిక్కు అది పెడితే కేసే. అయినా మంది కుక్క మెడకు నువ్వెట్ల కడ్తవ్, కరిస్తే?

మిర్యాలగూడ అన్న:
బావా, ఆ 6 నెలల ఆర్డరు న్యూ సౌత్ వేల్స్‌ది, కంపానియన్ యానిమల్స్ యాక్ట్ 1998. పోరడు ఉన్నది విక్టోరియాల. సిడ్నీ చట్టం తెచ్చి మా నెత్తిన పెట్టకు. ఇక్కడ పట్టీ గూడ వెట్ చూసి సరే అంటేనే, అది గూడ ఓనరే పెట్టాలె.

కల్వకుర్తి బావ (సిడ్నీ):
రాష్ట్రమేదైనా కుక్క కుక్కనే బావా. అసలు అగ్గిపెట్టెలు పేర్చినట్టున్న ఆ ఇండ్లల్ల ఉండుడు మీదే తప్పు. టార్నీట్‌కు రైల్వే స్టేషన్ వచ్చిందే 2015ల, ఒకప్పుడు అంత గడ్డి బీడే గద ఆడ.

మిర్యాలగూడ అన్న:
నువ్వు కట్టే రెంట్‌తోని మేం ఇల్లే కొనుక్కున్నం, ఆ ముచ్చట ఇప్పుడెందుకు.

నకిరేకల్ వదిన:
ఇద్దరు బావలు జర ఆగుర్రి, పిలగాడు నిద్రల్లేక సస్తుండు. తమ్ముడూ, ఏ జాతి కుక్కలవి? చెవులు నిక్కి, సన్నగ, నల్లగనో ఎర్రగనో ఉంటె కెల్పీలు. అవి గొర్లు కాసే కుక్కలు, దినమంత ఉరికినా అలువయి. ఊర్ల కుక్క కొత్తోడు కనవడితే మొరుగుతది, పోతే ఊకుంటది. ఇవి పని లేక, ఒంటరిగుండలేక మొరుగుతయి. నీ మీద పగతోని కాదు, ఆమె నిన్ను సతాయిస్తలేదు. బావ అన్నట్టు దర్వాజ కొట్ట బుద్ధి కాకపోతే కాయితం మీద రాసి లెటర్ బాక్సుల ఏయి. కౌన్సిల్ ముచ్చట, పోలీసు ముచ్చట అందులకు తేకు. గిట్ల రాయి: నేను పక్కింట్ల కొత్తగ వచ్చిన, రాత్రి డ్యూటీ, మీరు పోయినంక కుక్కలు ఈ టైమ్‌ల మొరుగుతున్నయి, మీకు తెల్వకపోవచ్చని చెప్తున్న, నా నంబరు ఇది. అవతలి దిక్కు ఉంచొచ్చా అని అడుగు, పొద్దుగాల పోయేముందు తిప్పి తీసుకరావొచ్చా అని మాత్రం అడగకు, ఇంటామెకు బుద్ధి చెప్పినట్టుంటది. రెండు వారాలు ఆగు. కాకపోతే డిస్ప్యూట్ సెటిల్‌మెంట్ సెంటర్ ఉంది, గవర్నమెంట్‌దే, పైసలు తీసుకోరు, ఇద్దరిని కూసోవెట్టి మాట్లాడిస్తరు, మన ఊరి పెద్దమనుషుల లెక్కనే గానీ ఎవ్వరికి తప్పు ఎయ్యరు. ఆఖరికి కౌన్సిల్. ఇంతకు లీజు మీద నీ పేరుందా?

దేవరకొండ పోరడు:
లేదు వదినా, రూమ్మేట్ పేరు మీదనే ఉంది.

నకిరేకల్ వదిన:
చూసిన్రా, కుక్కల కన్న పెద్ద లొల్లి అది. కిరాయి పైసలు ఎవనికిస్తున్నవ్, బాండ్ (కిరాయి అడ్వాన్సు) కట్టినట్టు కాయితమేమన్న ఉన్నదా? దాని మీద వేరే రాయి, చెప్తా.

నారాయణపేట చిన్నోడు:
బ్రో ముందుదిక్కు రూం ఎవరిది? వాడు పగటి డ్యూటీ అయితే రూములు మార్చుకోండ్రి, ఇయ్యాలనే అయిపోయే పని. ఫోర్క్‌లిఫ్ట్ మీద నిద్రపోకు గానీ.

జడ్చర్ల అక్క:
ఇంత రాసిన, ఇది నాకు తట్టనే లేదు.

దేవరకొండ పోరడు:
రూం మార్చుకున్న అన్నా, ముందుదిక్కు జర తక్కువ ఇనవడుతుంది, నాలుగు గంటలు నిద్రవట్టింది. వదిన చెప్పినట్టు రాసి నిన్న సాయంత్రం బాక్సుల ఏసిన. కెల్పీలే వదినా, ఒకటి నల్లది ఒకటి ఎర్రది. ఆమె ఇంక మెసేజ్ చేయలే. ఇయ్యాల 8:41కి షురూ, 9:26 దాక, మల్ల 10:05కు. రాసుకున్న.

కల్వకుర్తి బావ (సిడ్నీ):
మా దిక్కు డైరీ ఫారం వేరే ఉంటది, కావాలంటే పంపిస్తా.

మిర్యాలగూడ అన్న:
వద్దు బావా.