ప్రభుత్వ బడి పిల్లలకు ఎంబీబీఎస్ సీట్లలో విడిగా వాటా: మన రాష్ట్రంలో ఉండాలా, వద్దా?

పాతగుంటూరు డాక్టరు (చర్చ మొదలుపెట్టినవారు)

పాత గుంటూరులో ఇరవై రెండేళ్లుగా క్లినిక్ పెట్టుకుని ఉన్నాను. ఉత్త ఎంబీబీఎస్. పేరు పక్కన ఇంకో రెండక్షరాలు లేవు గనక పెద్దాసుపత్రులుండే కొత్తపేట లెక్కలో నేను డాక్టరుకీ కాంపౌండరుకీ మధ్య రకం. వచ్చేవాళ్లు మాత్రం ఇంటిల్లిపాదీ నా దగ్గరికే వస్తారు. తాతకు బీపీ, కోడలికి రక్తం తక్కువ, మనవడికి వాంతులు. 2018 మార్చిలో ఆనందపేట వైపు తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, పదిమందికి పైగా పోయారు. ఒకే వీధి నుంచి వరసగా జనం వస్తుంటే, ఇది సెలైన్‌తో పోయే రోగం కాదని అప్పుడు బుర్రకెక్కింది. అప్పటినుంచి అర్జీలు రాయడం కూడా నా ప్రాక్టీసులో భాగమే.

ఇప్పుడు పంపబోయే అర్జీ గురించే ఈ చర్చ. తమిళనాడు 2020లో ఒక చట్టం చేసింది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి, నీట్‌లో అర్హత పొందిన పిల్లలకు ఎంబీబీఎస్ సీట్లలో 7.5 శాతం. మొదటి ఏడాదే మూడు వందలకు పైగా పిల్లలు చేరారు. 2022లో మద్రాసు హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మన దగ్గరా అలాంటిది కావాలని నేనంటున్నాను.

ఎందుకంటే ఒక ముచ్చట చెబుతాను. పోయిన వేసవిలో ఒకావిడ వచ్చింది. మూడు నెలల నుంచి దగ్గు. అప్పటికే రెండు చోట్ల చూపించుకుంది. చేతిసంచిలో ఎక్స్‌రేలు, స్కాను, ఇన్‌హేలరు, టీబీ పరీక్ష కాగితాలు. ఫైలంతా తిరగేశాను. ఇంత ఖర్చయినా 'ఏం పని చేస్తావమ్మా' అని అడిగిన గుర్తు ఒక్క కాగితంలోనూ లేదు. ఆ రోజు నా పక్కన ఒక హౌస్ సర్జన్ అమ్మాయి కూర్చుని ఉంది, ఆదివారాలు నేర్చుకోవడానికి వస్తుంటుంది. నేను స్టెతస్కోప్ తీసేలోపే ఆవిడ వేళ్ల చివర్లు చూసి, "కాయల పనా అత్తా?" అంది. అవును, కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని. రోజంతా ఆ ఘాటులోనే. మూతికి చుట్టుకున్న కొంగు తప్ప ఇంకేమీ లేదు. ఆ అమ్మాయి జడ్పీ హైస్కూలు పిల్ల, వాళ్లమ్మదీ అదే పని.

వేల్స్‌లో బొగ్గుగని ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అని ఒక ఫ్యామిలీ డాక్టరు ఉండేవాడు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని 1971లో రాశాడు. కొత్తపేటలో అడుగుకో ఆసుపత్రి, పల్నాడు తండాల్లో ఆర్ఎంపీ. ఆయన చెప్పిన దానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? డాక్టరు కుర్చీలో ఎవరి పిల్లలు కూర్చుంటున్నారన్నది కూడా ఇందులో సగం కారణం అని నా నమ్మకం. మీరేమంటారు?

లాంగ్‌టర్మ్ తండ్రి, గొల్లపూడి

డాక్టర్ గారూ, నమస్కారమండి. మీ ముచ్చట బాగుంది. కానీ 'ఏం పని చేస్తావు' అని అడగడం నేర్పితే వచ్చే విద్య కదా? దానికి మిరపకాయల పని చేసే అమ్మ కడుపునే పుట్టాలా? ఆ రెండు చోట్లా అడగలేదంటే అది వాళ్లకు నేర్పిన కాలేజీ తప్పు. దానికి మా పిల్లకు శిక్షేమిటి?

నాకు వన్ టౌన్‌లో చిన్న స్టీలు సామాన్ల షాపు. మా అమ్మాయికి ఇది రెండో లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక మళ్లీ నీట్ రాయడానికి ఏడాది కోచింగు). హాస్టలు గదిలో ఎనిమిదిమంది, ఫోను ఆదివారం పది నిమిషాలు. ఊళ్లో ఉన్న అర ఎకరం అందుకే అమ్మాను. మేమేదో డబ్బు ఎక్కువై కార్పొరేట్ కాలేజీలో వెయ్యలేదు. ప్రభుత్వ కాలేజీలో చెప్పేవాళ్లు లేక వేశాం. పోయినసారి కొద్ది మార్కుల్లో సీటు పోయింది. ఇప్పుడు మీరు 7.5 తీస్తే ఆ 'కొద్ది' ఇంకాస్త పెరుగుతుంది. అంతే నాకు అర్థమైంది.

బ్రాడీపేట నాలుగో లైను

ఉన్న రిజర్వేషన్లు చాలవన్నట్టు ఇంకోటి! బీసీలకు 29, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, ఈడబ్ల్యూఎస్ 10. రేపు మీకు బైపాస్ చేయాల్సివస్తే కోటా డాక్టరు దగ్గరికి పోతారా సార్?

పాతగుంటూరు డాక్టరు

నాలుగో లైను గారూ, ఇది అడ్డంగా వెళ్లే కోటా. ఆడపిల్లలకు మూడో వంతు ఉన్నట్టే, ఏ కేటగిరీ వాటా ఆ కేటగిరీలోనే ఉంటుంది, అందులో కొన్ని ప్రభుత్వ బడి పిల్లలకు పోతాయి. ఓపెన్ సీట్ల సంఖ్య తగ్గదు. ఇక బైపాస్ సంగతి. 2023లో కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 35 శాతం సీట్లను ఏడాదికి 12 లక్షల చొప్పున, 15 శాతాన్ని ఎన్నారై కోటాలో 20 లక్షలకు పెడుతూ జీవోలు ఇచ్చారు. అప్పుడు మీరు బైపాస్ గురించి ఎక్కడైనా రాసి ఉంటే లింకు పెట్టండి, చదువుతాను.

గొల్లపూడి తండ్రిగారికి జవాబు అంత తేలిక కాదు. నేర్పితే వస్తుందన్నది నిజమే. నాకూ ఎవరూ నేర్పలేదు, పేషంట్లే నేర్పారు. కాకపోతే నేర్పేవాళ్లకే అది తెలియకపోతే క్లాసులో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదండీ. ఇంకోటి, పల్లెల్లో పెరిగినవాళ్లు పల్లెల్లో పనిచెయ్యడానికి ఎక్కువగా ఇష్టపడతారని, వాళ్లకు ప్రవేశాల్లో చోటివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2010లో దేశాలకు చెప్పింది.

జువాలజీ మేడం, తెనాలి వైపు

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్ని. ఊరి పేరు చెప్పను, బదిలీల కాలం.

డాక్టర్ గారి ఉద్దేశం మంచిదే. కానీ అమలులో ఏం జరుగుతుందో నేను చెబుతాను. కోటా వచ్చిందనుకోండి. ఆ జూన్‌లోనే మా కాలేజీకి అడ్మిషన్లు వరదలా వస్తాయి. అందరూ రిజిస్టర్లో మా పిల్లలే, మనుషులు మాత్రం బెజవాడ హాస్టళ్లలో. ఇంటర్ రెండేళ్లు మాత్రమే అడిగితే ఇది ఖాయం. తమిళనాడు వాళ్లు ఆరో తరగతి నుంచి అడిగింది ఊరికే కాదు.

ఇంకో మెలిక. గురుకులాలు ప్రభుత్వ బడులా, కాదా? మా గుంటూరు జిల్లా తాడికొండలో 1972లోనే గురుకులం పెట్టారు. పరీక్ష పెట్టి ఏరి తీసుకున్న పిల్లలు, భోజనం, వసతి, స్టడీ అవర్లు. వాళ్లనీ, చెట్టు కింద కూర్చునే మా పిల్లల్నీ ఒకే బుట్టలో వేస్తే సీట్లన్నీ ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

నన్నడిగితే కోటా కంటే నూజివీడు ట్రిపుల్ ఐటీ పద్ధతి మేలు. 2008లో మొదలైన ఆ ట్రిపుల్ ఐటీల్లో, పదో తరగతికి గ్రేడులున్న రోజుల్లో ప్రభుత్వ బడి పిల్లల గ్రేడు పాయింట్లకు 0.4 కలిపేవాళ్లు. విడిగా గది కట్టకుండా మెట్టు ఎత్తు కాస్త తగ్గించినట్టు. ఎంతమంది కూలివాళ్ల పిల్లలు ఇంజినీర్లయ్యారో ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

పాతగుంటూరు డాక్టరు

మేడం, 0.4 సంగతి నాకు తట్టలేదు. కానీ అక్కడ ర్యాంకు పదో తరగతి మార్కులతోనే. ఇక్కడ 720 మార్కుల నీట్. రెండు మూడేళ్ల కోచింగు తెచ్చే తేడాను ఎన్ని మార్కులు కలిపి పూడుస్తాం? పది కలిపితే చాలదు, వంద కలిపితే నాలుగో లైను గారికి నిజంగానే బైపాస్ చేయాల్సివస్తుంది. గురుకులాల మెలిక మాత్రం ఒప్పుకుంటున్నాను. అర్జీలో అది రాయలేదు, రాస్తాను.

మూడో ఏడాది ఎంబీబీఎస్

చాలాసేపటి నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. నేను జడ్పీ హైస్కూలు. రెండేళ్లు లాంగ్ టర్మ్, బాబాయి అప్పు తెచ్చి కట్టాడు. కోటా లేకుండానే వచ్చాను. ఏ కాలేజీయో చెప్పను.

అందరూ గుమ్మం గురించే మాట్లాడుతున్నారు. లోపలికొచ్చాక సంగతి వినండి. మొదటి నెల అనాటమీ క్లాసులో ఒక సారు తెలుగు మీడియం వాళ్లు చేతులెత్తమన్నారు. ఎందుకో సాయం చేస్తారేమోనని ఎత్తాను. "మీరు ముందు బెంచీలో కూర్చోండి, ఫెయిలయ్యేది మీరే" అన్నారు. ఆయన దృష్టిలో అది జాగ్రత్తే. ఆ తరవాత వైవాలో (నోటి పరీక్షలో) జవాబు తెలిసి కూడా నోరు పెగలలేదు చాలాసార్లు. బోన్ సెట్ (అనాటమీ చదవడానికి వాడే ఎముకలు) కొనలేక సీనియర్ దగ్గర తెచ్చుకుని, రాత్రి పదకొండు దాటాక ఆమె చదువు అయ్యాక చదివేదాన్ని. ఆకలి లేక కాదు, మెస్ బిల్లు గుర్తొచ్చి ఆదివారం టిఫిన్ మానేసేదాన్ని. ఫెయిల్ కాలేదు, అది వేరే విషయం.

డాక్టర్ గారు చెప్పినది నిజం అనిపించిన రోజు ఒకటుంది. ఇప్పుడు మా సిలబస్‌లో ఫ్యామిలీ అడాప్షన్ అని ఉంది, ఒక్కొక్కరికీ ఊళ్లో కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు, చదువు సాగినంత కాలం వాళ్ల ఆరోగ్యం చూస్తూ ఉండాలి. మొదటిరోజు ఒక ముసలమ్మ "కడుపులో దేవుతోంది నాయనా" అంది. మా బ్యాచ్‌మేటు, హైదరాబాద్‌లో చదివినవాడు, పక్కకొచ్చి "దేవుడికేమైనా మొక్కుకుందా?" అని అడిగాడు. వాడు మంచివాడే, నాకంటే ర్యాంకు చాలా ఎక్కువ. ఆ రోజు నుంచి నేను చెబుతుంటే వాడు నోట్‌బుక్కులో రాసుకుంటాడు: దేవడం, నడుం లాగడం, కళ్లు బైర్లు కమ్మడం, తీపు. బదులుగా నాకు వైవా ఇంగ్లీషు నేర్పాడు.

కోటా ఇస్తే ఇవ్వండి. దానితోపాటు మొదటి ఏడాది పుస్తకాలూ, బోన్ సెట్టూ, మెస్సూ, చేతులెత్తించని ఒక టీచరూ ఉండాలని కూడా అర్జీలో రాయండి సార్.

లాంగ్‌టర్మ్ తండ్రి, గొల్లపూడి

అమ్మా, నీకు నా కూతురు వయసే ఉంటుంది. ఆదివారం టిఫిన్ మానకు.

పీహెచ్‌సీ డాక్టరు, పల్నాడు

నేను బొల్లాపల్లి వైపు పనిచేస్తున్నాను. నిన్న ఓపీ 110. ఇది రాస్తున్నది రాత్రి పన్నెండున్నరకి, కాబట్టి మర్యాద తగ్గితే క్షమించాలి.

ప్రభుత్వ బడి పిల్లల్ని తెస్తే పల్లెలకు డాక్టర్లొస్తారన్నది సగం అబద్ధం. నేనూ ప్రభుత్వ బడే. వచ్చాను. ఉంటానా? పీజీ కావాలి నాకు. మాకున్న ఆశ ఇన్‌సర్వీస్ కోటా, అంటే ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకిచ్చే వాటా. క్లినికల్ పీజీ సీట్లలో 30 శాతం ఉండేదాన్ని 2024లో 15కు కోశారు. రోడ్డెక్కితే 20 చేశారు. పల్లెలో ఉన్నవాడికి దక్కేదాన్ని కోస్తూ పోతే ఏ బడి పిల్లాడైనా ఎందుకుంటాడు?

2023 ఏప్రిల్‌లో మా పల్నాడు లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం మొదలుపెట్టారు. 104 సంచార వైద్య బండితోపాటు నెలకు రెండుసార్లు ఊరికి డాక్టరు వెళ్లాలన్నారు. మంచి ఆలోచన, కాదనను. మూడో నెల నుంచి ముసలివాళ్లు నన్ను పేరుపెట్టి పిలుస్తున్నారు, నిజంగా బీపీలు అదుపులోకొచ్చాయి. కానీ పీజీ సీటొస్తే నేను పోతాను, కొత్త డాక్టరు వస్తాడు, మళ్లీ మొదటినుంచి. ఆ ఇంటి మనుషుల్ని తెలుసుకునేలోపు మారిపోయేవాడు ఫ్యామిలీ డాక్టరెలా అవుతాడు? కోజికోడ్ ప్రభుత్వ కాలేజీలో ఫ్యామిలీ మెడిసిన్‌లోనే ఎండీ ఉంది. ఇక్కడే ఉంటూ అది చేసే దారి నాకు చూపిస్తే నేను కొత్తపేట వైపు చూడను.

పాతగుంటూరు డాక్టరు

మీరు కోపంగా రాసిందే నేను ముందు రాసి ఉండాల్సింది. జపాన్‌లో 1972లో జిచి మెడికల్ యూనివర్సిటీ పెట్టారు. ఒక్కో రాష్ట్రం నుంచి కొద్దిమంది పిల్లల్ని ఎంచి, ఫీజు అప్పుగా ఇచ్చి, సొంత ప్రాంతంలో తొమ్మిదేళ్లు పనిచేస్తే మాఫీ చేస్తారు. (మేడం, మీ తాడికొండ కూడా అదే ఏడాది!) అంటే గుమ్మం, లోపల, బయట మూడూ కలిపి కట్టారు. నేను ఒక్క గుమ్మం గురించే అర్జీ రాశాను. తిరగరాస్తున్నాను: 7.5 శాతం, ఆరు నుంచి పన్నెండు, గురుకులాలకు అందులో విడిగా పరిమితి, మొదటి ఏడాది ఖర్చులు ప్రభుత్వానివే, చదువయ్యాక కొన్నేళ్లు సొంత జిల్లాలో పని, ఆ పనిలో ఉంటూనే ఫ్యామిలీ మెడిసిన్ పీజీ. నాలుగో లైను గారూ, సంతకం పెట్టరని తెలుసు, తప్పులుంటే దిద్దండి చాలు.

బ్రాడీపేట నాలుగో లైను

సొంత జిల్లాలో పని అన్నదానికి సంతకం పెడతాను. కోటాకు పెట్టను.

లాంగ్‌టర్మ్ తండ్రి, గొల్లపూడి

డాక్టర్ గారూ, ఒక సందేహం. మాకు అబ్బాయి కూడా ఉన్నాడు. ఆరు, ఏడు ప్రైవేటులో చదివాడు. కరోనాలో షాపు మూతపడి ఇద్దరికీ ఫీజులు కట్టలేక, పిల్లని అక్కడే ఉంచి వీణ్ని ఎనిమిదో తరగతికి జడ్పీ హైస్కూల్లో వేశాం. ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ. మీ అర్జీ ప్రకారం వాడు ఎటు?

పాతగుంటూరు డాక్టరు

అర్జీ ప్రకారం బయటే అండి. ఎనిమిది నుంచి అని రాస్తే లోపలికొస్తాడు. అలా రాస్తే దొంగ అడ్మిషన్లు ఎన్ని పెరుగుతాయో మేడం చెప్పాలి.

జువాలజీ మేడం, తెనాలి వైపు

ఐదేళ్లపాటు పిల్లాణ్ని పేరుకు మాత్రమే మా రిజిస్టర్లో ఉంచడం కష్టమే సార్. ఎనిమిది నుంచి అయినా పరవాలేదనుకుంటాను. తండ్రిగారూ, మీ అబ్బాయికి ఇప్పుడు జువాలజీ ఎవరు చెబుతున్నారు?

లాంగ్‌టర్మ్ తండ్రి, గొల్లపూడి

ఎవరూ లేరండి. ఉన్న మేడం ఆగస్టులో బదిలీ అయ్యారట. వాళ్లక్క పాత నోట్సు చదువుకుంటున్నాడు.